2 నిమిషాల హాల్ట్.. లెక్క ఎందుకు తప్పుతుంది?

కొత్త సిగ్నళ్లు, టైమ్‌టేబుల్ ఎలా పనిచేస్తాయో ముందుగా కంప్యూటర్ సిమ్యులేషన్‌లో పరీక్షిస్తారు. ప్రతి స్టేషన్‌లో రైలు కచ్చితంగా 2 నిమిషాలే ఆగుతుందనుకుంటే అంతా సాఫీగా కనిపిస్తుంది. ప్లాట్‌ఫాంపై అలా ఉండదు. పండగ రద్దీలో తలుపుల దగ్గర ఒక్క నిమిషం ఆలస్యమైనా, వెనకే వస్తున్న రైలు ఔటర్‌లో ఆగిపోవచ్చు. అందుకే హాల్ట్‌ను రద్దీని బట్టి మారేలా లెక్కించాలి.

స్టేషన్‌ను బట్టి కూడా లెక్క మారుతుంది. విశాఖపట్నం స్టేషన్‌లోకి వచ్చివెళ్లే హౌరా-చెన్నై మార్గం రైళ్లలో చాలావాటికి ఇంజిన్‌ను రెండో చివర తగిలించాలి. అందరూ ఎక్కేసినా ఆ పని పూర్తయ్యేదాకా రైలు కదలదు.

మీరు గుర్తుంచుకోవాల్సింది: ఆలస్యంగా వచ్చిన రైలు, హాల్ట్ తగ్గించుకుని త్వరగా బయల్దేరవచ్చు. యాప్‌లో 10 నిమిషాలు చూపించిందని నీళ్ల సీసా కోసం దూరం వెళ్లకండి.