నుస్రత్ గొంతు: ఒకే ఏడాది, రెండు టేపులు

1994లో 'మోహ్రా' సినిమా వచ్చినప్పుడు నేను కర్నూలులో ఉర్దూ మీడియం హైస్కూల్లో చదువుతున్నాను. కొండారెడ్డి బురుజు దగ్గర క్యాసెట్ల దుకాణంలో పొద్దున్నుంచి రాత్రి దాకా 'మస్త్ మస్త్' పాటే. ఒకరోజు నిలబడి వింటుంటే అబ్బా నా భుజం పట్టుకుని పక్కకు తీసుకుపోయారు.

"ఈ ధున్ ఎవరిదో తెలుసా? ఖలందర్ బాబా మీద పాడిన కలాం ఇది. ఇప్పుడు ఆడపిల్ల వెనకపడి పాడుకునే పాట చేసినారు" అన్నారు.

ఆ రాత్రే ఇంట్లో నుస్రత్ ఫతే అలీ ఖాన్ 'దమ్ మస్త్ ఖలందర్' క్యాసెట్ పెట్టారు. సింధ్‌లోని సెహ్వాన్‌లో ఉన్న లాల్ షహబాజ్ ఖలందర్ మన్‌ఖబత్ అది. ఆ గొంతు వినడం నాకదే మొదలు. అంత బలమైన గొంతు అంతకుముందు వినలేదు.

డిగ్రీలో చేరాక ఒక దోస్తు దగ్గర 'మస్త్ మస్త్' అనే ఇంకో క్యాసెట్ దొరికింది. ఇది నుస్రత్ సాబ్ సొంత ఆల్బమే. కానీ ఇందులో గిటార్, కీబోర్డు, ఇంగ్లీషు బాజా. సంబరంగా తెచ్చి వినిపిస్తే అబ్బా సగంలోనే ఆపేశారు. "ఈయన కూడా మారిపోయినాడు" అన్నారు. మార్పు తప్పేమిటని నేను, అదబ్ పోయాక ఏం మిగులుతుందని ఆయన. ఆ బహస్ మా ఇంట్లో చాలా ఏళ్ళు నడిచింది. ఇంతకీ నుస్రత్ సాబ్ నిజంగా మారారా? తారీఖ్ ఏమంటుందో చూద్దాం.

వాళ్ళ ఖాందాన్ జలంధర్‌ది. 1947 బట్వారాలో సరిహద్దు దాటి లాయల్‌పూర్ చేరింది. ఇప్పటి ఫైసలాబాద్ అదే. 1948 అక్టోబర్ 13న నుస్రత్ అక్కడే పుట్టారు. తండ్రి ఉస్తాద్ ఫతే అలీ ఖాన్ పేరున్న ఖవ్వాల్ అయినా కొడుకు డాక్టర్ కావాలనుకున్నారు. 1964లో ఆయన ఇంతెఖాల్ అయ్యారు. చెహెల్లుమ్ రోజున కొడుకు నలుగురి ముందు పాడాడు. 1971లో చిన్నాన్న ముబారక్ అలీ ఖాన్ కూడా పోయాక పార్టీ బాధ్యత నుస్రత్ మీద పడింది.

ఈ ధార మన దక్కన్‌కు కొత్త కాదు. బహదూర్ షా జఫర్ దర్బారులో పాడిన తాన్‌రస్ ఖాన్, 1857 గదర్ తర్వాత చివరికి హైదరాబాద్ చేరారు. ఆ పరంపరకు చెందిన అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీకి 1971లో, అంటే నుస్రత్ పార్టీ పగ్గాలు పట్టిన ఏడాదే, పద్మశ్రీ వచ్చింది. ఆయన మనవలు వార్సీ బ్రదర్స్ ఇప్పటికీ పాడుతున్నారు.

ఫైసలాబాద్‌లో రహమత్ గ్రామఫోన్ హౌస్, బర్మింగ్‌హామ్‌లో ఓరియంటల్ స్టార్ ఏజెన్సీస్ నుస్రత్ రికార్డులు తెచ్చాయి. ఆ రోజుల్లో ఆల్బమ్ అంటే మెహఫిల్‌ను ఉన్నదున్నట్టు టేపులోకి ఎక్కించడమే. హార్మోనియంలు, తబలా, చప్పట్లు. హమ్ద్, నాత్, మన్‌ఖబత్. ఒక్కో ఖవ్వాలీ ఇరవై నిమిషాలు, అరగంట. మధ్యలో గిరహ్ కట్టడం, అంటే నడుస్తున్న కలాంలోకి ఇంకో షేర్ తెచ్చి ముడివేయడం. ఆ ముడి బిగిసినప్పుడే సభ 'వాహ్' అంటుంది.

1985లో ఇంగ్లండ్‌లోని మెర్సీ ద్వీపంలో జరిగిన వోమాడ్ ఉత్సవంలో ఆయన పాడారు. ముందు కూర్చున్న గోరేవాళ్ళలో చాలామందికి ఒక్క లఫ్జ్ అర్థం కాదు. అయినా ఆ రాత్రి తర్వాత ఆయన పేరు ఐరోపా అంతటా పాకింది. ఉత్సవం వెనుక ఉన్న పీటర్ గాబ్రియల్ తన రియల్ వరల్డ్ సంస్థ నుంచి 1989లో 'షహెన్‌షా' విడుదల చేశారు. అది పాత పద్ధతి ఖవ్వాలీయే.

1990లో వచ్చిన 'మస్త్ మస్త్' వేరు. కెనడా సంగీతకారుడు మైకేల్ బ్రూక్‌తో కలిసి చేశారు. పాటలు చిన్నవి. చాలాచోట్ల కలాం తక్కువ, సర్గమ్ ఎక్కువ. ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉంది. బ్రూక్‌కు భాష రాదు. టేపు కత్తిరించేటప్పుడు కొన్నిచోట్ల వాక్యం మధ్యలో తెగి మానీ చెడిపోయింది. నుస్రత్ సాబ్ ఒప్పుకోలేదు. సరిచేయాల్సి వచ్చింది. గిటార్ పక్కన ఉంటే ఆయనకు అభ్యంతరం లేదు. కలాం తెగితే మాత్రం ఉంది.

ఆ తర్వాత 'బాండిట్ క్వీన్' సంగీతం, బ్రూక్‌తోనే 1996లో 'నైట్ సాంగ్', అదే ఏడాది జావేద్ అఖ్తర్ రాసిన 'సంగమ్'. 'ఆఫ్రీన్ ఆఫ్రీన్' అందులోదే. ఏఆర్ రహమాన్ 1997 ఆగస్టు ఆల్బమ్ 'వందేమాతరం'లో 'గురూస్ ఆఫ్ పీస్' ఆయనతో కలిసి పాడారు. మన కడప పెద్ద దర్గాకు వచ్చి వినయంగా కూర్చునే రహమాన్, సరిహద్దు అవతలి ఖవ్వాల్‌తో కలిసి మన ఆజాదీ యాభై ఏళ్ళ పండుగకు పాడిన పాట అది. ఆ ఆగస్టు 16నే లండన్‌లో నుస్రత్ కన్నుమూశారు. వయసు 48.

మా బహస్‌కు జవాబు 2024లో వచ్చింది. రియల్ వరల్డ్ గోదాములో పాత టేపు ఒకటి బయటపడితే, సెప్టెంబర్‌లో 'చైన్ ఆఫ్ లైట్' పేరుతో విడుదల చేశారు. నాలుగు ఖవ్వాలీలు. అన్నీ హార్మోనియం, తబలా, చప్పట్లతోనే. రికార్డు చేసింది 1990లో! 'మస్త్ మస్త్' వచ్చిన ఏడాదే, అదే సంస్థ స్టూడియోలో, తన పార్టీతో కూర్చుని పాత పద్ధతిలో పాడారు. అందులో 'యా గౌస్ యా మీరాఁ' ఇదివరకు ఎవరూ వినని రికార్డు. గ్యార్వీ నాడు ఫాతెహా ఇచ్చే మన కర్నూలు, కడప ఇళ్ళకు గౌసే పాక్ పేరు కొత్తగా చెప్పాలా?

అంటే ఆయన ఒక ఇల్లు ఖాళీ చేసి ఇంకో ఇంట్లోకి పోలేదు. రెండిళ్ళ తాళంచెవులూ జేబులోనే పెట్టుకున్నారు. అబ్బా కోరుకున్న నుస్రత్, నేను కోరుకున్న నుస్రత్ ఒకే ఏడాది ఒకే గొంతుతో పాడారు. మేమిద్దరం చెరో టేపు పట్టుకుని కొట్లాడుకున్నాం, అంతే.

ఇది పాటల సంగతి ఒక్కటే కాదనిపిస్తుంది నాకు. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి. "ఉర్దూ వదిలేశాడు" అని మనవాళ్ళే అన్నారు. "మీకు తెలుగు ఎట్లా వచ్చు?" అని బయటివాళ్ళు అడిగారు. ఒకటి పట్టుకుంటే రెండోది వదిలేసినట్టే అనుకుంటారు. మన పిల్లలకూ ఇవే మాటలు ఎదురవుతున్నాయి. కొత్త బాజా పక్కన కూర్చున్నా కలాం తెగనివ్వకపోవడమే అసలు హిఫాజత్ అని వాళ్ళకు నుస్రత్ సాబ్‌ను చూపించి చెప్పొచ్చు.

'చైన్ ఆఫ్ లైట్' వచ్చేసరికి అబ్బా లేరు. మొదటిసారి విన్నప్పుడు 'యా గౌస్ యా మీరాఁ' దగ్గర ఫోన్ సౌండు పెంచాను, ఆయన కుర్చీ ఉండే మూలకు వినపడేలా. అది అయ్యాక గిటార్ ఉన్న పాత 'మస్త్ మస్త్' పెట్టాను. ఈసారి మధ్యలో ఆపేవాళ్ళు లేరు.