తేజీ విలువ, మందీ విలువ

మంచాల మెట్టభూములలో ఆముదాలు పండించే రైతు ఒకడు, వచ్చే ఏడు ధర పడిపోవునేమోనని జంకినాడనుకొనుడు. నిర్ణీత ధరకు అమ్ముకొనే హక్కు దొరికితే అందుకు కొంత రుసుము చెల్లించుటకు అతడు వెనుదీయడు. నూనెమిల్లు యజమానికి కావలసినది కొనే హక్కు. అమ్మే హక్కును బొంబాయి వర్తకులు మందీ అన్నారు, కొనే హక్కును తేజీ అన్నారు. వాటాల బజారులో ఇవే పుట్, కాల్ ఆప్షన్లు. హక్కు అక్కరలేకపోతే వదలుకొనవచ్చును. పోయేది రుసుము మాత్రమే.

ఈ బేరాలు పాతవే. ఆమ్‌స్టర్‌డామ్ బజారును గురించి జోసెఫ్ డి లా వేగా 1688లో ప్రచురించిన గ్రంథములోనే వీటి వర్ణన ఉన్నది. మరి రెండింటిలో దేని విలువ ఎక్కువ? ధర పెరుగునని అందరూ నమ్మినప్పుడు తేజీయే ప్రియమగునని తోచును. లెక్క అట్లు చెప్పదు.

ఆముదాలకు నిల్వ ఖర్చు ఉన్నది గనుక లెక్కకు వాటా అనువైనది. వాటా ధర నేడు 100 రూపాయలు, హక్కు ధర 100, గడువు ఏడాది, వడ్డీ నూటికి 6. ఒకడు వాటాను, మందీని కొని, తేజీని అమ్మినాడు. గడువునాటికి ధర తగ్గితే మందీ చూపి 100కు అమ్మును. పెరిగితే తేజీ కొన్నవాడు వచ్చి 100కే తీసికొనిపోవును. ఎటు చూచినా చేతికి వచ్చేది నూరే. ఏడాదికి తప్పక వచ్చే నూరు రూపాయల నేటి వెల 94 రూపాయల 34 పైసలు. కాబట్టి తేజీ మందీకన్న 5 రూపాయల 66 పైసలు ఎక్కువ ఉండవలెను. హక్కు ధర 106 అయితే రెండును సమానము. (మధ్యలో లాభాంశము పంచరాదు, హక్కును గడువునాడే వాడవలెను.) పెరుగుననే ఆశ వాటా ధరలోనే చేరిపోయినది; ఈ వ్యత్యాసములో మిగిలినది వడ్డీ మాత్రమే.

సిద్ధాంతము పుట్టకముందే దీనిని వాడుకొన్న ఘనుడు న్యూయార్కు ధనికుడు రస్సెల్ సేజ్. అక్కడి చట్టము వడ్డీకి హద్దు విధించినది. 19వ శతాబ్ది ఉత్తరార్ధములో అతడు అప్పు కోరినవాని వద్ద వాటాలను, మందీని కొని, తేజీని అతనికే అమ్మెడివాడు. కాగితముపై అది క్రయవిక్రయము, నిజానికి అప్పు. హక్కు ధరను ఎంత పెంచితే అంత వడ్డీ! 1969లో హాన్స్ స్టోల్ ఈ సంబంధాన్ని సూత్రముగా ప్రకటించినాడు.

భారతదేశములో చట్టము వీటిని జూదముగానే చూచినది. పత్తిపై తేజీ-మందీలను బొంబాయి ప్రభుత్వము 1939లో నిషేధించినది. తరువాత దేశమంతటా సరకులపై 1952 చట్టము, వాటాలపై 1956 చట్టము నిషేధము విధించినవి. జూదము కొంత ఉన్నమాట నిజమే. కాని రైతుకు, మిల్లుకు ధీమా ఇవ్వగల సాధనము కూడ దానితో పోయినది. 1943లో ఏర్పడి, 1958లో కేంద్ర ప్రభుత్వ గుర్తింపు పొందిన హైదరాబాదు స్టాక్ ఎక్స్ఛేంజికి ఆ గుర్తింపు వచ్చునప్పటికే ఈ బేరాలు నిషిద్ధములు. వాటాలపై నిషేధము 1995లో తొలగినది. జాతీయ స్టాక్ ఎక్స్ఛేంజిలో వాటాల ఆప్షన్లు 2001 జూలైలో మొదలైనవి. హైదరాబాదు ఎక్స్ఛేంజి 2007లో గుర్తింపు కోల్పోయినది. సరకుల ఆప్షన్లు 2017లో బంగారముతో తిరిగి వచ్చినవి.