పది సెకన్ల తేడా

అపోలో దిగిన ఏడాదే అమెరికాలో ఒక హైస్కూలు విద్యార్థి చంద్రుడి మీద దిగే ఆట రాశాడు. అందులో బొమ్మలు లేవు, అంకెలే ఉన్నాయి. ఆ అంకెల్లో దాగిన భౌతికశాస్త్రం ఎంత కఠినమైనదో యాభై ఏళ్ల తర్వాత ఒక అర్ధరాత్రి మన దేశమంతా చూసింది.

టెలిటైపు టకటకలాడుతోంది. ఎదురుగా తెర లేదు, రంగుల్లేవు. కదులుతున్న కాగితం మీద అంకెలు వరుసలు కడుతున్నాయి. గడిచిన సెకన్లు ఇన్ని, మిగిలిన ఎత్తు ఇంత, దిగే వేగం ఇంత, ట్యాంకులో ఇంధనం ఇంత. వరుస చివర యంత్రం ఆగి ఒకే ప్రశ్న వేస్తోంది. వచ్చే పది సెకన్లు ఇంజిన్‌కు ఎంత ఇంధనం ఇస్తావు?

అది 1969వ సంవత్సరం, ఎండాకాలం సెలవులయ్యాక బడులు మళ్లీ తెరిచిన రోజులు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, లెక్సింగ్టన్ హైస్కూలు. ఈ ప్రశ్న అడిగేలా ఆ యంత్రానికి నేర్పిన కుర్రాడి పేరు జిమ్ స్టోరర్. వయసు పదిహేడు. పదో తరగతి కాగానే మన పల్లెల నుంచి బాసర ట్రిపుల్ ఐటీకి బయల్దేరే పిల్లలకు ఒకటి రెండేళ్లు పెద్ద, అంతే.

అంతకు కొన్ని నెలల ముందే ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ చంద్రుడి మీద దిగారు. అక్కడ జులై 20, మనకు అర్ధరాత్రి దాటి 21వ తేదీ ఒంటిగంటా నలభై ఏడు నిమిషాలు. కంప్యూటర్ తీసుకెళ్తున్న చోట బండరాళ్లు కనిపించడంతో ఆర్మ్‌స్ట్రాంగ్ నౌకను తన చేతుల్లోకి తీసుకున్నాడు. ఇంధనం తరిగిపోతోంది, దిగడానికి ఇంకెన్ని సెకన్లు మిగిలాయో భూమి మీద నుంచి లెక్క చెబుతున్నారు. 'అరవై' అన్నారు. తర్వాత 'ముప్పై' అన్నారు. ఆ తర్వాతే వాళ్ల నౌక ఈగిల్ నేలను తాకింది.

ఆ ఉత్కంఠను స్టోరర్ బడిలో ఉన్న పీడీపీ-8 కంప్యూటర్‌లోకి ఎక్కించాలనుకున్నాడు. ఆ యంత్రపు ప్రాథమిక నమూనాలో జ్ఞాపకశక్తి 4,096 పదాలు. ఇవాళ సెల్‌ఫోన్‌తో తీసిన ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు. ఫోకల్ అనే కంప్యూటర్ భాషలో అతడు రాసిన ప్రోగ్రామ్ మాత్రం పట్టింది.

తొందరపడితే...

ఆ కుర్చీలో మనమే కూర్చుందాం. స్టోరర్ మైళ్లు, పౌన్లలో రాసిన అంకెలను మన కొలతల్లోకి మారిస్తే ఇలా ఉంటాయి. నౌక చంద్రుడికి 193 కిలోమీటర్ల ఎత్తున ఉంది. సెకనుకు 1.6 కిలోమీటర్ల వేగంతో నిట్టనిలువునా పడుతోంది. కరీంనగర్ మీద నుంచి ఆ వేగంతో ఎగిరితే ఆదిలాబాద్ చేరడానికి నిమిషంన్నర చాలు. ఇంధనంతో కలిపి నౌక బరువు 14,700 కిలోలు, అందులో ఇంధనమే 7,260 కిలోలు. ఇంజిన్‌ను పూర్తిగా తెరిస్తే సెకనుకు 91 కిలోలు మండుతుంది.

ఏమీ చేయకుండా వదిలేస్తే 120 సెకన్లలో నేలను తాకుతావని యంత్రం ముందే హెచ్చరిస్తుంది. ఆ మాటలో చిన్న మెలిక ఉంది. 193 కిలోమీటర్లను 1.6తో భాగిస్తే 120 సెకన్లే వస్తుంది, కానీ చంద్రుడి ఆకర్షణ మధ్యలో ఊరుకోదు, వేగాన్ని పెంచుతూ పోతుంది. లెక్క సరిగ్గా వేస్తే 113 సెకన్లు దాటగానే కథ ముగుస్తుంది.

అంత వేగం చూస్తే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది, చెయ్యి బ్రేకు మీదికే పోతుంది. సరే, మొదటి సెకను నుంచే ఇంజిన్‌ను పూర్తిగా తెరుద్దాం. 73 సెకన్లు గడిచేసరికి వేగం సున్నా. గెలిచామనుకుంటూ ఎత్తు చూస్తే ఇంకా 128 కిలోమీటర్లు! ట్యాంకులో మిగిలింది 640 కిలోలు. నౌక మళ్లీ పడటం మొదలవుతుంది. మిగిలిన ఇంధనమంతా చివర్లో మండించినా గంటకు వెయ్యి కిలోమీటర్లకు పైబడిన వేగంతో నేలను ఢీకొంటుంది. ప్రాణాలతో ఎవరూ మిగల్లేదని టెలిటైపు చెబుతుంది. అంతటితో ఊరుకోదు, చంద్రుడి మీద కొత్తగా ఎన్ని అడుగుల లోతు గొయ్యి తవ్వావో కూడా అచ్చేస్తుంది.

ఎక్కడ పొరపడ్డాం? ఆదిలాబాద్ నుంచి నిర్మల్ వైపు మహబూబ్‌ఘాట్ దిగే బస్సును డ్రైవరు బ్రేకు తొక్కి ఎంతసేపైనా నిలపగలడు, దానికి డీజిల్ ఖర్చు కాదు. చంద్రుడి పైన నిలబడటానికి రోడ్డు లేదు, ప్యారాచూట్ విప్పుకోవడానికి గాలి లేదు. ఉన్నచోట ఉండటానికి కూడా ఇంధనం మండించాల్సిందే. ముందుగా బ్రేకు వేసినవాడు ఎక్కువసేపు ఆకాశంలో ఉంటాడు. ఉన్న ప్రతి సెకనుకూ చంద్రుడు కప్పం వసూలు చేస్తూనే ఉంటాడు.

ఆలస్యమైతే...

అయితే ఈసారి ఆగుదాం. ఇంజిన్ ఆపేసి 70 సెకన్లు పడనిద్దాం. ఎత్తు 76 కిలోమీటర్లకు తగ్గింది, వేగం ఇంకా పెరిగింది. ఇప్పుడు పూర్తిగా తెరుద్దాం. మొదటి పది సెకన్లలో గంటకు 600 కిలోమీటర్ల వేగం తగ్గింది. మరో నిమిషం పోయాక అదే పది సెకన్లు, అదే ఇంధనం, కానీ తగ్గిన వేగం వెయ్యి కిలోమీటర్లు! మండినకొద్దీ ట్యాంకు ఖాళీ అవుతుంది, నౌక తేలికవుతుంది. బలం మారకపోయినా ద్రవ్యరాశి తగ్గితే త్వరణం పెరుగుతుంది. న్యూటన్ రెండో నియమం ఇదే. ఇలా దిగితే నేలకు సుమారు మూడు కిలోమీటర్ల ఎత్తున వేగం సున్నా అవుతుంది, మూడు వందల కిలోల ఇంధనం చేతిలో ఉంటుంది. చివర్లో మంటను కాస్త తగ్గించి జాగ్రత్తగా దిగడం నేర్చుకున్నవాడు బతికి బయటపడతాడు.

ఆగడమే మంచిదైతే ఇంకో పది సెకన్లు ఆగుదామా? 80వ సెకనున ఇంజిన్‌ను పూర్తిగా తెరిస్తే, నేల వచ్చేసరికి వేగం ఇంకా గంటకు మూడు వేల కిలోమీటర్లకు పైనే ఉంటుంది.

నిదానమే ప్రధానం అంటారు మన పెద్దలు. ఆలస్యం అమృతం విషం అన్నదీ వాళ్లే. ఈ రెండు సామెతల మధ్య దూరం పది సెకన్లేనని స్టోరర్ ఆట లెక్కకట్టి చూపిస్తుంది.

కుంతాల మీద నుంచి

ఇదంతా చదివిన తొమ్మిదో తరగతి విద్యార్థికి ఇందులో కొత్త సూత్రమేదీ కనిపించదు. చలనం, గమన నియమాలు, గురుత్వాకర్షణ పాఠ్యపుస్తకంలో ఉన్నవే. నేరడిగొండ దగ్గరి కుంతాల జలపాతం ఎత్తు సుమారు 45 మీటర్లు. గాలి నిరోధాన్ని పక్కనపెడితే పైనుంచి వదిలిన రాయి మూడు సెకన్లలో కింద పడుతుంది. అదే కొండ చంద్రుడి మీద ఉంటే ఏడున్నర సెకన్లు పడుతుంది. ఈ లెక్కకు జవాబు రాగానే పని ముగుస్తుంది, ఎందుకంటే రాయికి ఇంజిన్ లేదు, అది నిర్ణయాలు తీసుకోదు.

స్టోరర్ ఆటలో విద్యార్థి పది సెకన్లకొకసారి నిర్ణయం తీసుకోవాలి. ఈ నిర్ణయం ఫలితమే తర్వాతి లెక్కకు మొదలు. బరువు మారుతూ ఉంటుంది కాబట్టి పాఠ్యపుస్తకంలోని స్థిర త్వరణ సూత్రాలు నేరుగా పనిచేయవు. రష్యన్ ఉపాధ్యాయుడు త్సియోల్కోవ్‌స్కీ 1903లో ప్రచురించిన రాకెట్ సమీకరణం కావాలి, దానికి సంవర్గమానం కావాలి. ఆ విలువను పదిహేడేళ్ల స్టోరర్ టేలర్ శ్రేణిలోని మొదటి ఐదు పదాలతో కట్టాడు. చంద్రుడి గురుత్వ త్వరణాన్ని సెకను వర్గానికి మైలులో వెయ్యో వంతుగా, అంటే 1.61 మీటర్లుగా తీసుకున్నాడు. అసలు విలువ 1.62.

ఈ ప్రోగ్రామ్‌ను స్టోరర్, ఆ కంప్యూటర్‌ను తయారు చేసిన డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ వారి వినియోగదారుల పత్రికకు పంపాడు. ఆ సంస్థలో పనిచేసిన డేవిడ్ ఆల్ దీన్ని బేసిక్ భాషలోకి మార్చి 1973లో తన ఆటల పుస్తకంలో అచ్చువేశాడు. అక్కడి నుంచి అది ఊరూరా పాకింది. 1979లో అటారీ కంపెనీ గీతల బొమ్మలతో లూనార్ ల్యాండర్ యంత్రాన్ని బజారుకు తెచ్చింది. ఈ తరం పిల్లలు ఆడే కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ కూడా ఆ వంశంలోనిదే.

రెండుతో భాగించలేదు

కథ 2024లో ఊహించని మలుపు తిరిగింది. మార్టిన్ సి. మార్టిన్ అనే ప్రోగ్రామర్ ఈ ఆటలో అతి తక్కువ ఇంధనంతో దిగే మార్గాన్ని గణితంతో కనుక్కోవాలనుకున్నాడు. చివరి క్షణం దాకా ఆగి, పూర్తి బలంతో మండించి, వేగం సున్నా అయ్యేసరికి నేలను తాకడమే ఆ మార్గం. కాగితం మీద లెక్క కుదిరింది. ఆటలో వేసి చూస్తే ఫలితం దాంతో సరిపోలలేదు.

తన లెక్కే తప్పేమోనని ముందు దాన్నే వెతికాడు. చివరకు తప్పు పాత ప్రోగ్రామ్ లోలోపల దొరికింది. దిగే వేగం సున్నా అయ్యే క్షణాన్ని కనిపెట్టే వర్గ సమీకరణంలో, వర్గమూలం గుర్తు కింద ఒకచోట రెండుతో భాగించాలి. భాగించలేదు. మామూలుగా ఆడేవాళ్లకు ఆ తేడా కంటికి ఆనదు. చివరి మీటరు దాకా లెక్క తేల్చాలన్నవాడికే దొరికింది. అర్ధశతాబ్దం పైగా ఎందరో దిగారు, ఎందరో కూలారు, ఆ భాగహారం సంగతి ఎవరికీ పట్టలేదు.

అప్పటికి స్టోరర్ బ్రాండైస్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్‌గా పేరు పొందినవాడు. డేటాను కుదించే విద్యలో 1982లో సిమాన్‌స్కీతో కలిసి ఆయన ఇచ్చిన పద్ధతి ఎల్‌జడ్‌ఎస్‌ఎస్‌గా నిలిచింది, అందులోని రెండు ఎస్‌లూ వాళ్ల పేర్ల మొదటి అక్షరాలే. అంతటివాడు కుర్రతనంలో చేసిన పొరపాటు ఎవరి ప్రాణమూ తీయలేదు. ఆటకున్న సుగుణం అదే.

ఆ అర్ధరాత్రి, ఆ సాయంత్రం

2019 సెప్టెంబరు 7. అర్ధరాత్రి ఒంటిగంటన్నర దాటింది. ముప్పై కిలోమీటర్ల ఎత్తు నుంచి ఇస్రో వారి చంద్రయాన్-2 ల్యాండర్ విక్రమ్ చంద్రుడి మీదికి దిగడం మొదలుపెట్టింది. వేగం సెకనుకు 1.68 కిలోమీటర్లు, స్టోరర్ ఆటలోని అంకెకు దగ్గరగానే ఉంది. కాకపోతే ఆటలో అది నిలువు వేగం, విక్రమ్‌ది చాలావరకు అడ్డం వేగం. ఏడున్నర కిలోమీటర్ల వరకు అంతా బాగుంది. ఆ తర్వాత తెర మీద విక్రమ్ కదలికను చూపే ఆకుపచ్చ గీత అనుకున్న దారి తప్పింది. అయితే నేలకు 2.1 కిలోమీటర్ల దాకా అంతా సవ్యంగానే సాగిందని, ఆపై సంకేతాలు తెగిపోయాయని ఇస్రో ఛైర్మన్ శివన్ ప్రకటించారు.

ఏం జరిగిందో తర్వాత తేలింది. రెండో దశలో వేగం అనుకున్నదానికంటే ఎక్కువగా తగ్గిందని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. ఇంజిన్లు అంచనాకు మించిన బలం ఇచ్చాయి. ఫొటోలు తీసేందుకు నౌక అటూ ఇటూ తిరగకుండా ఉండాల్సిన దశలో పొరపాటును వెంటనే దిద్దుకునే వీల్లేకపోయింది, తేడాలు పోగుపడ్డాయి. దిద్దుకునే సమయం వచ్చేసరికి చాలా వేగంగా తిరగాలి, కానీ తిరిగే వేగానికి సాఫ్ట్‌వేర్‌లో హద్దుంది. చేరాల్సిన చోటు చూస్తే 500 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న చిన్న చదరం. బ్రేకు తక్కువైతే కూలడం అందరికీ అర్థమవుతుంది. బ్రేకు ఎక్కువైనా కూలుతుందని ఆ రాత్రి నేర్పింది.

నాలుగేళ్ల తర్వాత ఇస్రో ప్రశ్ననే మార్చింది. ఏం చేస్తే గెలుస్తామని కాకుండా ఏమేం చెడిపోవచ్చని అడిగి చంద్రయాన్-3ని కట్టామని నాటి ఛైర్మన్ సోమనాథ్ వివరించారు. ఇంజిన్ బలం తేడా వస్తే? సెన్సర్ పనిచేయకపోతే? అనుకున్న చోటికి చేరలేకపోతే? నౌకను హెలికాప్టర్‌కు కట్టి సెన్సర్లు పరీక్షించారు, క్రేన్‌కు వేలాడదీసి ఇంజిన్లు మండించారు. దిగే ప్రాంతాన్ని సుమారు నాలుగు కిలోమీటర్ల పొడవు, రెండున్నర కిలోమీటర్ల వెడల్పుకు పెంచారు. ఇంధనం ఎక్కువ నింపారు. సెకనుకు మూడు మీటర్ల వేగంతో తగిలినా తట్టుకునేలా కాళ్లను గట్టిపరిచారు. 2023 ఆగస్టు 23, సాయంత్రం 6 గంటల 4 నిమిషాలు. చంద్రయాన్-3లోని విక్రమ్ కాళ్లు చంద్రుడి నేల మీద ఆనాయి.

కూలడానికి ఖర్చు లేనిచోట ముందే కూలి చూడటం ఇస్రోకు పనికొచ్చింది. బడికి మాత్రం పనికిరాదా? కరీంనగర్‌లోనైనా ఆదిలాబాద్ ఏజెన్సీ గూడెంలోనైనా దీనికి ఖరీదైన ల్యాబ్ అక్కర్లేదు. స్టోరర్ ఆటను పాత కంప్యూటర్ మీదైనా ఆడించవచ్చు. అదీ లేకపోతే నల్లబల్ల మీద నాలుగు నిలువు వరుసలు గీసి, ఒక కాలిక్యులేటర్‌తో తరగతి మొత్తం కలిసి ఆడవచ్చు. సూత్రంతో మొదలుపెట్టనక్కర్లేదు. పిల్లలను మొదటి సెకనులోనే బ్రేకు వేయనివ్వండి, 128 కిలోమీటర్ల ఎత్తున ఆగి మళ్లీ పడనివ్వండి. అప్పుడు 'ఎందుకు పడింది?' అని వాళ్లే అడుగుతారు. ఆ ప్రశ్న పిల్లవాడి నోటి నుంచి వచ్చిన తరగతిలో న్యూటన్ నియమాన్ని బట్టీ పట్టించాల్సిన పని టీచరుకు ఉండదు.