పికప్ వాహనాలకు టైర్లు మార్చిన పిదప స్టీరింగ్ వణుకు - కారణాలు, పరీక్షించవలసిన క్రమం

కూరగాయలు, పాలు, చేపలు, ఎరువుల రవాణాలో పల్లెలకు, పట్టణాలకు మధ్య పికప్ వాహనాలు కీలకపాత్ర వహిస్తున్నాయి. వీటికి కొత్త టైర్లు అమర్చిన వెంటనే స్టీరింగ్ వణకడం తరచుగా కనిపించే సమస్య. ఈ వణుకు కొన్ని సందర్భాలలో స్వల్ప లోపం మాత్రమే కాగా, మరికొన్ని సందర్భాలలో చక్రం ఊడిపోయే ప్రమాదానికి ముందస్తు సూచన. ఈ రెండింటి మధ్య తేడాను గుర్తించడం అత్యంత ఆవశ్యకం.

తొలి పరిశీలన

టైరు మార్చిన వెంటనే వణుకు మొదలై, ప్రయాణం సాగే కొద్దీ పెరుగుతున్నట్లయితే వాహనాన్ని వెంటనే సురక్షిత స్థలంలో నిలిపి చక్రాల నట్లను పరీక్షించాలి. నట్లను వరుసగా కాక, ఎదురెదురుగా ఉన్న వాటిని విడతలవారీగా, తయారీదారు నిర్దేశించిన మేరకు టార్క్ రెంచ్‌తో బిగించవలసి ఉంటుంది. హబ్ ముఖంపై తుప్పు, మట్టి ఉన్నచో రిమ్ము సమంగా కూర్చోదు. 50 నుండి 100 కిలోమీటర్ల ప్రయాణం అనంతరం నట్లను మరల సరిచూడడం శ్రేయస్కరం.

వేగాన్ని బట్టి గుర్తింపు

గంటకు 80 నుండి 100 కిలోమీటర్ల మధ్య వణుకు అధికమై, ఆపై లేదా దిగువన తగ్గితే అది సాధారణంగా బ్యాలెన్సింగ్ లోపం. సుమారు 70 సెంటీమీటర్ల వ్యాసం గల టైరు 80 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 10 సార్లు తిరుగుతుంది. రిమ్ము అంచున 30 గ్రాముల తేడా ఉన్నా, ఆ వేగంలో అది 2 కిలోలకు పైబడిన బలంతో చక్రాన్ని లాగుతుంది. వేగం రెట్టింపయితే ఈ బలం నాలుగు రెట్లవుతుంది. రిమ్ము లోపలి వైపు పేరుకున్న బురద, ఊడిపోయిన సీసపు బరువులు కూడా ఇందుకు కారణం కావచ్చు.

గంటకు 20 నుండి 40 కిలోమీటర్ల వేగంలోనే చక్రం ఊగుతున్నట్లనిపిస్తే రిమ్ము వంకర, టైరు అంచు రిమ్ములో సరిగా కూర్చోకపోవడం లేదా టైరు లోపలి పొరలు విడిపోవడాన్ని అనుమానించాలి. చక్రాన్ని జాకీపై లేపి తిప్పినపుడు టైరు పక్కగోడపై రిమ్ము చుట్టూ ఉండే సన్నని గీత అంతటా సమదూరంలో కనిపించాలి. టైరుపై ఉబ్బు కనిపించినచో దానిని వినియోగించరాదు.

బ్రేకు వేసినపుడు మాత్రమే వణుకు వస్తే లోపం బ్రేకు డిస్కులో లేదా డ్రమ్ములో ఉండవచ్చు.

స్థానాన్ని బట్టి గుర్తింపు

వణుకు స్టీరింగ్‌లో తెలిస్తే ముందు చక్రాలను, సీటులోనూ అడుగు భాగంలోనూ తెలిస్తే వెనుక చక్రాలను ముందుగా పరీక్షించాలి. నాలుగు చక్రాలూ ఒకే పరిమాణంలో ఉన్నచో ముందువి వెనుకకు, వెనుకవి ముందుకు మార్చి నడిపి చూడవచ్చు. వణుకు చక్రంతో పాటు మారితే లోపం టైరులో లేదా రిమ్ములో ఉన్నట్లు, మారకపోతే హబ్, బేరింగ్ లేదా స్టీరింగ్ భాగాలలో ఉన్నట్లు భావించవచ్చు. వాహనాన్ని స్టాండుపై నిలిపిన తరువాత చక్రాన్ని పైన, కింద పట్టి ఊపినపుడు కదలిక ఉంటే బేరింగ్ లేదా బాల్ జాయింట్, ఇరుపక్కల పట్టి ఊపినపుడు మాత్రమే ఉంటే టై రాడ్ ఎండ్ అరిగినట్లు గ్రహించాలి. పాత టైర్లతో బయటపడని అరుగుదల కొత్త టైర్లతో బయటపడడం కూడా కద్దు.

అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ వేర్వేరు

వాహనం ఒక పక్కకు లాగడం, టైరు ఒక అంచున అరగడం అలైన్‌మెంట్ లోప లక్షణాలు. కేవలం అలైన్‌మెంట్ చేయించినంత మాత్రాన బ్యాలెన్సింగ్ వణుకు తగ్గదు. గాలి పీడనాన్ని టైర్లు చల్లగా ఉన్నపుడు, వాహనంపై ముద్రించిన పట్టిక ప్రకారం, బరువును అనుసరించి నింపాలి.

కార్యాలయ వాహనాల విషయంలో టైరు మార్చిన తేదీ, మీటరు రీడింగు, నట్లను మరల బిగించిన వివరాలను లాగ్ పుస్తకంలో నమోదు చేయడం వలన లోపాన్ని త్వరగా గుర్తించడానికి వీలవుతుంది. నట్ల బిగింపు, టైర్ల స్థితి సరిచూడకుండా వణుకుతున్న వాహనాన్ని బరువుతో రహదారిపైకి పంపరాదు.