గంజీఫా ముక్కలు: ఆటా, చిత్రకళా

భారతదేశంలో పేకాటకు సంబంధించిన తొలి స్పష్టమైన లిఖిత సాక్ష్యం ఒక కానుక ప్రస్తావన. 1527 జూన్‌లో సింధు దేశపు తట్టాలో ఉన్న షా హసన్‌కు గంజీఫా ముక్కలు పంపినట్లు బాబరు తన స్వీయచరిత్రలో రాసుకున్నాడు. షా హసన్‌కు ఆ ఆటంటే మక్కువ. ముక్కలు కావాలని అడిగాడు, బాబరు పంపాడు. దండయాత్రల వర్ణనతో నిండిన ఆ గ్రంథంలో ఈ ముచ్చట ఒకటి రెండు వాక్యాలకు మించదు. అయినా ఈ ఆట చరిత్ర రాసేవారందరూ అక్కడినుంచే మొదలుపెట్టక తప్పదు.

అక్బరు కాలంలో అబుల్ ఫజల్ ‘అయినీ అక్బరీ’లో పన్నెండు రంగులు, 144 ముక్కలు గల పేకను వర్ణించాడు. మొదటి మూడు రంగుల పేర్లు అశ్వపతి, గజపతి, నరపతి. ఇవి తెలుగువారికి కొత్త కావు. మన చారిత్రక గాథల్లో గజపతి కటకపు ప్రభువు, నరపతి విజయనగర రాయలు. అబుల్ ఫజల్ అశ్వపతిని ఢిల్లీతోను, గజపతిని ఒరిస్సాతోను జతపరిచాడు. నరపతి దగ్గరకు వచ్చేసరికి మాత్రం విజాపురాన్ని పేర్కొన్నాడు. 1565 నాటి రాక్షసి తంగడి యుద్ధం తర్వాత మొగలాయి దర్బారు నుంచి చూసేవారికి దక్షిణాది బలమంటే విజాపురమే కాబోలు.

బహుళ ప్రచారం పొందినది 96 ముక్కల పేక. దీనిలో రంగులు ఎనిమిది: కిరీటం, వెండి నాణెం, ఖడ్గం, సేవకుడు, తంత్రీవాద్యం, బంగారు నాణెం, బరాతు, సరుకు. బరాతు అంటే ఖజానా మీద రాసిన చెల్లింపు పత్రం. వరుసగా చదివితే ఇది ఒక దర్బారులోని శాఖల పట్టికలా కనిపిస్తుంది. ప్రతి రంగులోను ఒక రాజు, ఒక మంత్రి, ఒకటి నుంచి పది వరకు అంకెల ముక్కలు ఉంటాయి. సగం రంగుల్లో పది పెద్దది. మిగిలిన సగంలో ఒకటే పెద్దది, పది చిన్నది. పగలు ఆడితే బంగారు నాణెపు రాజుతో, రాత్రి ఆడితే వెండి నాణెపు రాజుతో ఆట మొదలవుతుంది. ఒకటి సూర్యుడికి గుర్తు, మరొకటి చంద్రుడికి.

సాధారణంగా ముగ్గురు ఆడతారు. ముక్కలు గుండ్రనివి కనుక వాటిని గుడ్డమీద బోర్లా పరచి కలుపుతారు. మొత్తం పేక పంచేస్తారు, ఒక్కొక్కరికి ముప్పైరెండు. తురుపు లేదు, పక్కన దాచిన ముక్క లేదు. అందువల్ల ఏ ముక్కలు పడిపోయాయో, ఏవి ఇంకా చేతుల్లో ఉన్నాయో గుర్తుంచుకోవడమే ఆటలోని నేర్పు. (ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన ఒక కేసులో 1967 నవంబరున సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆటగా పరిగణించడానికి చెప్పిన కారణాల్లో పడిన ముక్కలను గుర్తుంచుకోవలసి రావడం ఒకటి. ఆ కొలతతో చూస్తే గంజీఫా రమ్మీకి పెద్దన్న.)

చిత్రకారుడి పనిని నిర్ణయించింది ఈ నియమాలే. చేతిలో ముప్పై ముక్కలు పట్టుకున్న ఆటగాడికి అంచు చూడగానే రంగు తెలియాలి; కనుక ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క నేలవర్ణం. రాజును, మంత్రిని తడుముకోకుండా పోల్చుకోవాలి. అందుకే రాజు సింహాసనం మీద ఉంటే మంత్రి తరచు గుర్రమెక్కి ఉంటాడు. వీపులన్నీ అచ్చంగా ఒకే తీరున ఉండాలి. ఒక్క గీత పడినా ముక్క గుట్టు బయటపడుతుంది. ప్రభువులకు దంతం మీద, తాబేటి చిప్ప మీద రాసేవారు. సామాన్యులకు పాత గుడ్డను పొరలుగా అంటించి, చింతగింజల జిగురు పట్టించి, లక్కపూత వేసి తయారుచేసేవారు. తెలంగాణ నకాషీల పటాల తయారీలోనూ ఇదే చింతగింజల జిగురు కనిపిస్తుంది.

హిందూ ఆస్థానాల్లో దర్బారు గుర్తుల స్థానాన్ని దశావతారాలు ఆక్రమించి, పేక పది రంగులతో 120 ముక్కలకు పెరిగింది. సాధారణంగా పగటి ఆటకు రాముడు, రాత్రి ఆటకు కృష్ణుడు నాయకులు. బెంగాలులోని బిష్ణుపూర్‌లో ఫౌజ్‌దార్ల కుటుంబం ఈ ముక్కల చిత్రణను నిలుపుకొచ్చింది. ఒరిస్సాలో ఇది గంజపా. 1936 వరకు మద్రాసు రాష్ట్రంలో ఉండి, తెలుగువారూ నివసించే పర్లాకిమిడి దానికి పేరుపడిన చోట్లలో ఒకటి. కొంకణంలోని సావంతవాడిలో మూడవ ఖేమ్ సావంత్ కాలాన, 18వ శతాబ్దం ఉత్తరార్ధంలో, ధర్మశాస్త్ర చర్చకు వచ్చిన తెలంగాణ పండితుల ద్వారా ఈ ఆట తెలిసిందని అక్కడి కథనం. తెలంగాణలో నిర్మల్ చిత్రకారులు గంజీఫాలు రాసిన మాట వాస్తవం కనుక ఆ కథనాన్ని తోసిపుచ్చనక్కరలేదు. మైసూరులో మూడవ కృష్ణరాజ ఒడయరు (1794–1868) ‘శ్రీతత్త్వనిధి’లోని కౌతుకనిధి భాగంలో 360 ముక్కల దాకా పోయే ఆటలను కల్పించి వర్ణించాడు. పాండిత్యం మెండు, అయితే అవి రాజప్రాసాదం దాటి వెళ్ళినట్లు కనిపించదు.

పందొమ్మిదవ శతాబ్దంలో ఐరోపా నుంచి అచ్చు పేకలు చౌకగా వచ్చిపడ్డాయి. నెలల తరబడి రాసే 96 ముక్కలతో యంత్రం అచ్చువేసిన 52 ముక్కలకు పోటీ ఏమిటి? సావంతవాడిలో కళ పూర్తిగా అంతరించబోతుండగా 1970ల తొలినాళ్ళలో శివరాంరాజే భోంస్లే, సత్వశీలాదేవి దంపతులు రాజభవనంలోనే చిత్రకారులను కూర్చోబెట్టి పునరుద్ధరించారు. రుడాల్ఫ్ ఫాన్ లైడెన్ సేకరణ, 1982లో వెలువడిన ఆయన గ్రంథం పండితుల దృష్టిని ఇటు మళ్ళించాయి. మైసూరు గంజీఫాకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

ఇలా బతికి బట్టకట్టింది చిత్రణ మాత్రమే. కొనేవారు గోడకు తగిలించడానికి కొంటారు కనుక మత్స్యావతారపు రాజు ముక్కకు గిరాకీ ఉంటుంది. ఏడు చేపల ముక్క ఎవరికి కావాలి? పటం కట్టిన ముక్కకు వీపు ఎలా ఉన్నా ఒకటే కనుక చిత్రకారుడికి ఆ కట్టుదిట్టమూ అక్కరలేకపోతున్నది. హస్తకళల శాఖలు శిక్షణ శిబిరాలు నడిపి కుంచె పట్టడం నేర్పుతాయి. ముక్కలు కలిపి పంచడం నేర్పే శిబిరాలు అరుదు. పూర్తి పేక ధర కలవారికే అందుతుంది గాని, ఆట నియమాలు ఒక పుటలో పడతాయి. పెట్టెలో ఆ పుటను ఆయా ప్రాంతీయ భాషల్లో అచ్చువేసి ఉంచడానికి అయ్యే ఖర్చు, మూతమీది చిత్రానికి అయ్యేదానికంటె తక్కువే.