వ్రాసినంత వఱకే హక్కు



నేడు నేను ప్రసంగింపబూనినది పేటెంటు అను హక్కును గూర్చి. అందును ముఖ్యముగా, ఆ హక్కును కోరువాడు ప్రభుత్వమునకు వ్రాసి యీయవలసిన వివరణపత్రమును గూర్చి. ఇది పట్టణములలోని యంత్రశాలలవారి గొడవ, మనకేల యని కొందఱకు తోపవచ్చును. కాని పొలమునకు దస్తావేజు వ్రాయించుకొన్న ప్రతివాడును దీనిలోని ధర్మమును ఎఱిగినవాడే. దస్తావేజులో చెక్కుబంది యెంతవఱకు వ్రాయబడెనో అంతవఱకే భూమి తనది. పేటెంటును అట్టిదే. ఇచ్చట ఎల్లలు కట్టవలసినది మట్టికి గాక బుద్ధికి. కావున పని మఱింత కష్టము.

'పేటెంటు' అను పదమునకు మొదటి యర్థము 'తెఱచియున్నది' అని. ఇంగ్లండు రాజులు మడిచి మూయక, ఎల్లరు చదువుకొనునట్లు రాజముద్ర క్రింద వ్రేలాడగట్టి యిచ్చిన పత్రములకు ఆ పేరు వచ్చెను. పేరులోనే రహస్యమునకు విరోధమున్నది. పూర్వము ఏ దేశమునందైనను పనితనము పాతిపెట్టిన ధనమువంటిది. తండ్రి కొడుకునకు చెప్పును. కొడుకు లేనివాడు ఎవరికిని చెప్పకయే పోవును. కాలిన పుండ్లను మచ్చ పడకుండ మాన్పు తైలమొకటి నా చిన్ననాట మా ప్రాంతమున ఉండెడిది. దానిని కాచు వృద్ధుడు పోయిన పిమ్మట ఆ తైలమును మరల చూచినవారు లేరు. ఇట్టివి ఊరికొకటి చొప్పున మీకును జ్ఞప్తికి వచ్చుచుండును.

ఈ నష్టమును తప్పించుటకే పాలకులొక బేరమును కల్పించిరి. కనిపెట్టినవాడు తన విద్యను లోకమునకు వెల్లడింపవలెను. కొన్ని యేండ్లపాటు అతని యనుమతి లేక ఇతరులు దానిని చేయకుండ పాలకులు కాపాడవలెను. గడువు తీరినపిదప అది అందఱి సొత్తు కావలెను. 1474లో వెనిసు నగరమువారు చేసిన శాసనము పదియేండ్ల రక్షణ నిచ్చెను. ఇంగ్లండులో ఉప్పు, గంజిపిండి, పేకముక్కలు మొదలగువానిపై రాజులు తమకిష్టమైనవారికి గుత్తలిచ్చుచుండగా జనులు విసిగిరి. 1624లో పార్లమెంటు ఆ గుత్తలను రద్దుచేసి, క్రొత్త పనులను కనిపెట్టినవారికి మాత్రము 14 ఏండ్ల హక్కును నిలిపెను.

ఐనను ఆ శాసనములో వివరణపత్రము వ్రాయవలెనను నియమము లేదు. 18వ శతాబ్దిలోనే ఆ యాచారము స్థిరపడెను. 1778లో లియార్డెట్ అనునతడు గోడలకు పూయు గచ్చునకు పొందిన పేటెంటును గూర్చి లండనులో వ్యాజ్యము నడచెను. అందు మాన్స్‌ఫీల్డు ప్రభువను ప్రధాన న్యాయాధిపతి తెలిపిన ధర్మము నేటికిని నిలిచియున్నది. గడువు తీరినపిదప ఆ వృత్తిలోనివాడు పత్రమును చదివి పనిని చేయగలుగవలెను. అట్లు నేర్పని పత్రము హక్కును నిలుపజాలదు. అనగా వివరణపత్రము ఒక విధమైన పాఠ్యపుస్తకము. ముప్పదియేండ్లకు పైగా పాఠములు చెప్పిన నాకు ఈ మాట మిక్కిలి ప్రియమైనది.

నేను తర్కము చదువుకొన్న దినములలో గురువుగారు తొలుత నేర్పినవి లక్షణదోషములు మూడు. ఆవునకు లక్షణము చెప్పుమనగా, 'కపిలవర్ణము గలది' అన్నచో తెల్లయావు తప్పిపోవును, ఇది అవ్యాప్తి. 'కొమ్ములు గలది' అన్నచో గేదెయు మేకయు చొచ్చుకొనివచ్చును, ఇది అతివ్యాప్తి. 'చీలని గిట్టలు గలది' అన్నచో ఏ యావునకును పట్టదు, ఇది అసంభవము. పేటెంటు వ్రాతలను ఈ కొలబద్దతో చూచిన చక్కగా బోధపడును. మిక్కిలి ఇఱుకుగా వ్రాసికొన్నవాని హక్కును పొరుగువాడు చిన్న మార్పు చేసి దాటిపోవును; నష్టము వానిదే. వ్రాసినట్లు చేయ వీలుకానిచో అది అసంభవము, చదివినవారు మోసపోవుదురు. తాను చేసినదానికంటె విరివిగా వ్రాసికొన్నచో అది అతివ్యాప్తి; అప్పుడు నష్టపడువారు లోకులు. న్యాయస్థానములలో పెద్ద తగవులు దీనినుండియే పుట్టినవి. రెండు చెప్పెదను.

అమెరికాలో ఆలివర్ ఎవాన్స్ అను యంత్రకారుడుండెను. గోధుమలు మరలోనికి పోయినది మొదలు పిండి వెలువడువఱకు మనిషి చేయి సోకనక్కఱలేని మిల్లును కల్పించిన ప్రజ్ఞావంతుడు. అందు వేడిపిండిని ఎగదోసి చల్లార్చు సాధనమునకు 'హాపర్‌బాయ్' అని పేరు. అట్టి సాధనము తనకు ముందే వేఱొకచోట నున్నదని ప్రత్యర్థులు వాదించిరి. పాతదానిని తాను బాగుచేసితినని చెప్పుటకు ఎవాన్స్ పక్షమువారికి వీలుండెను గాని, పాతది యెంత, తాను చేర్చినది యెంత యని పత్రములో విడదీసి వ్రాసియుండలేదు. 1822లో ఆ దేశపు సుప్రీముకోర్టు ఈ కారణముననే ఆ హక్కు నిలువదనెను. వ్రాతకు రెండు ప్రయోజనములున్నవని కోర్టు తేల్చెను: ఇతరులకు పనిని నేర్పుట యొకటి, తనది యేదో, పాతది యేదో విడదీసి తెలిపి లోకులను కాపాడుట రెండవది. ఎవాన్స్ 1819లోనే మరణించెను. వ్రాతలోని కొఱతను నోటిమాటతో తీర్చుటకు ఆయన లేడు. ఉండినను అది చెల్లియుండెడిది కాదు.

రెండవ కథ తంతివార్తల శామ్యూల్ మోర్సుది. 1844లో వాషింగ్టనునుండి బాల్టిమోరునకు తీగెపై వార్త నంపి లోకమును విస్మయపఱచిన మహనీయుడాయన. ఆయన పేటెంటు పత్రమున ఎనిమిదవ హక్కువాక్యము చూడుడు. తాను చెప్పిన యంత్రములకే తాను కట్టుబడననియు, ఏ విధముగనైనను విద్యుదయస్కాంత బలముచే దూరమున అక్షరములు గుఱుతింపబడుట యెల్ల తనదేయనియు దాని సారము. 1854లో సుప్రీముకోర్టు మిగిలిన వాక్యములను అంగీకరించి దీనిని మాత్రము త్రోసివేసెను. రేపు ఇంకొకడు మోర్సు చెప్పని మార్గమున, తక్కువ ఖర్చుతో ఆ పనియే చేసినయెడల వానిని ఆపుటకు మోర్సునకు ఏమి యధికారము? తాను కనిపెట్టి వివరింపని త్రోవకు సుంకము వసూలు చేయరాదు.

ఇక నా మాట మీకు వినిపించు రేడియోపెట్టెలోనికి వత్తము. మూత తీసి చూచిన లోపల సన్నని పలకయు, దానిపై చీమలబారులవలె రాగిచాళ్లును కనబడును. విద్యుత్తు పోయివచ్చు దారిని సర్క్యూటు అందురు. ఆ దారులను ధరించిన పలక సర్క్యూటు బోర్డు. తొలికాలపు రేడియోలలో దీనికి మాఱుగా తీగెల చిక్కుముడి యుండెడిది. ఒక్కొక్క తీగెను చేతితో అతుకవలసివచ్చెడిది. వియన్నాలో 1907లో జన్మించి, యూదుడగుటచే స్వదేశమున నిలువనీడ లేక 1936లో ఇంగ్లండు చేరిన పాల్ ఐస్లర్ అను ఇంజనీరు, ముద్రణవిద్యను ఈ పనికి త్రిప్పెను. పలకపై రాగిరేకు నంటించి, దారులు కావలసిన చోట మాత్రము ఆమ్లమునకు లొంగని సిరా అచ్చువేసి, మిగిలిన రాగిని ఆమ్లముచే కరగించుట ఆయన పద్ధతి. కలంకారీ అద్దకములో మైనము పూసినచోట నీలి అంటదు గదా. ఉపాయము ఆ జాతిదే.

ఐస్లర్ 1943లో ఇంగ్లండున దరఖాస్తు చేసికొనగా, ఆ పత్రములు 1950లో ప్రకటితములయ్యెను. కాని పలకపై రేకుదారులను గూర్చి ఆయనకంటె ముందు వ్రాసినవారును కలరు. 1903లోనే ఆల్బర్ట్ హాన్సన్ పలుచని లోహపు రేకులను పలక కంటించు విధమును ఇంగ్లండు పేటెంటులో వ్రాసెను. 1925లో అమెరికాలో చార్లెస్ డ్యూకాస్ మఱియొక విధమును వ్రాసెను. తుదకు 1963లో అమెరికాలోని మేరీలాండు న్యాయస్థానము పూర్వపు విజ్ఞానముతో సరిచూచి, ఐస్లర్ యొక్క అమెరికా పేటెంట్లు చెల్లవని తీర్పుచెప్పెను. మఱుసటి సంవత్సరము అప్పీలులోను అదియే స్థిరమయ్యెను. ఐనను పద్ధతిని లోకమున వ్యాపింపజేసిన కీర్తి ఆయనకు తప్పలేదు. కీర్తి వేఱు, హక్కు వేఱు.

ఇప్పటి యంత్రములలో ఒక పలక చాలదు; రెండు మూడు పలకలను కలిపి కూర్చుదురు. అట్టి దరఖాస్తును పరీక్షకుడెట్లు చూచునో ఊహకొక ఉదాహరణము చెప్పెదను. ఒకడు రెండు పలకలను వంగెడి పట్టీతో కలిపిన యంత్రమును చేసి, అంతమాత్రమే వ్రాసి దాఖలు చేసెననుకొందము. ఏడాది పిమ్మట అంగడిలో ఇంకొకని సరకు కనబడెను. అందు పలకలు ఒకదానిపై నొకటి సూదులతో గుచ్చబడియున్నవి. వెంటనే మనవాడు తన హక్కువాక్యమును సవరించి, 'ఏ విధముగనైనను కలుపబడిన రెండు పలకలు' అని వ్రాసెను. పరీక్షకుడు అడుగు ప్రశ్న యొక్కటియే: తొలినాటి పత్రములో ఈ మాట కెక్కడ ఆధారము? పట్టీని గూర్చి వ్రాసినదినమున వాని మనస్సులో సూదులున్నవని పత్రము చెప్పుచున్నదా? చెప్పనియెడల సవరణ త్రోసివేయబడును. రిజిష్టరైన దస్తావేజులో పిమ్మట ఇంకొక యెకరము చొప్పించుట యెట్టిదో యిదియు నట్టిదే. చేయుట నేర్పిన మాత్రమున చాలదనియు, హక్కు కోరినదంతయు ఆనాడే తన వశమున నున్నట్లు వ్రాత తెలుపవలెననియు, ఇవి రెండును వేఱ్వేఱు నియమములనియు అమెరికాలో పేటెంటు అప్పీళ్లను వినెడి న్యాయస్థానము 2010లో మరల స్పష్టపఱచెను.

మన దేశమునందును ఈ చరిత్ర పాతదే. 1856లో తొలి శాసనము పుట్టెను. ఆ యేడే కలకత్తాలో డీ పెనింగ్ అను ఇంజనీరు పంకా లాగు యంత్రమునకు దరఖాస్తు చేసి వివరణపత్రమును సమర్పించెను. పిదప 1859, 1888, 1911 సంవత్సరముల శాసనములు వచ్చినవి. ఇప్పుడు నడచుచున్నది 1970 నాటి శాసనము. అది 1972లో అమలునకు వచ్చెను. దాని 10వ సెక్షను ప్రకారము కనిపెట్టిన వస్తువును, అది పనిచేయు తీరును పూర్తిగా వర్ణింపవలెను. తనకు తెలిసిన పద్ధతులలో శ్రేష్ఠమైనదానిని దాచక చెప్పవలెను. హక్కువాక్యములు స్పష్టముగను, వర్ణించినదానికి లోబడియు నుండవలెను. తొలి పత్రములో లేనిది సవరణలో చేర్చరాదని 59వ సెక్షను. హక్కు గడువు దరఖాస్తునుండి 20 ఏండ్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణవారి దరఖాస్తులు చెన్నపట్టణపు కార్యాలయమునకు చెందును.

ఇంత వ్రాత కోరుట చదువురాని పనివానికి అన్యాయము గాదా యని మీరడుగవచ్చును. అది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. చేతిలో విద్య యున్నవానికి కలము కుదురకపోవుట మనమెల్లరము చూచినదే. ఐనను మార్గము లేకపోలేదు. ఆలేరు ప్రాంతపు చేనేతవాడు చింతకింది మల్లేశము బడిచదువు చిన్ననాడే మానినవాడు. ఆసు పోయుటలో వేలమార్లు చేయి కదపి తల్లి పడు నొప్పిని చూడలేక 1999లో ఆసు యంత్రమును చేసెను. దానికి తల్లిపేరనే 'లక్ష్మీ ఆసు యంత్రము' అని పేరిడెను. దానికి పేటెంటును వచ్చెను. 2017లో పద్మశ్రీ పురస్కారమును వచ్చెను. చేసినవాడు ఒకడు, వ్రాయించి పెట్టినవారు వేఱొకరు కావచ్చును. కలము పట్టినవారు ఆ సాయము చేయుట ధర్మము.

కావున మీ యూరిలో వడ్రంగియో, కమ్మరియో, బడిపిల్లవాడో క్రొత్త సాధనమును చేసినచో, సంతలో చూపకమునుపే వానిచేత వ్రాయింపుడు. అంతయు సిద్ధము కానియెడల తాత్కాలిక వివరణపత్రము నిచ్చి, 12 నెలలలోపల పూర్తిపత్రము నిచ్చు వీలు శాసనములో కలదు. పాతది యెంతయో, తాను చేర్చినది యెంతయో విడివిడిగా వ్రాయవలెను. ఏ భాగము దేనితో ఎట్లు కలిసినదో, వేఱు విధముల కలుపవచ్చునేని అవి యేవియో మొదటనే చెప్పవలెను. చదివి ఇంకొక పనివాడు చేయగలడా యని చూచుకొనవలెను. వ్రాయని విద్య వానితోనే పోవును. చేయనిదానిని తనదని వ్రాసికొన్న హక్కు న్యాయస్థానమున పోవును.