తోడుండగా సొంత ఇల్లు: బర్క్లీ కథలో కనిపించని చరిత్ర

వికలాంగుల స్వతంత్ర జీవనం గురించి ఎవరు రాసినా కథ అమెరికాలోని బర్క్లీలోనే మొదలవుతుంది. పోలియోతో మెడ కింది భాగం దాదాపు అంతా చచ్చుబడిన ఎడ్ రాబర్ట్స్ 1962లో అక్కడి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరాడు. హాస్టల్లో వసతి కుదరక అతన్ని క్యాంపస్‌లోని కోవెల్ ఆసుపత్రి వార్డులో ఉంచారు. అలాంటి విద్యార్థులు మరికొందరు అదే వార్డుకు వచ్చి చేరారు. 1972లో బర్క్లీలో స్వతంత్ర జీవన కేంద్రం, 1973లో వైకల్యం పేరిట వివక్షను నిషేధించిన రిహాబిలిటేషన్ చట్టం 504వ సెక్షన్, దాని అమలు కోసం 1977లో శాన్‌ఫ్రాన్సిస్కో ఫెడరల్ కార్యాలయంలో మూడు వారాలు దాటిన బైఠాయింపు, 1990లో అమెరికన్ వికలాంగుల చట్టం. ఇదంతా నిజమే, ఆ మనుషుల తెగువ గొప్పదే.

అయితే ఈ కథలో ఒక పెద్ద సమూహానికి చోటే లేదు. బర్క్లీ సూత్రం సూటిగా ఉంటుంది: సహాయకుణ్ణి నేనే పెట్టుకుంటాను, ఏం చేయాలో నేనే చెబుతాను, నచ్చకపోతే నేనే మాన్పిస్తాను. చేతులు ఆడకపోయినా నోటితో పని చేయించుకోగల మనిషికి ఇది సరిపోయింది. డబ్బు లెక్కపెట్టుకోవడానికి, మందులు వేళకు వేసుకోవడానికి, ఇంటి ఓనరుతో మాట్లాడటానికి కూడా ఒకరి తోడు కావలసిన నలభై ఏళ్ల మనిషి సంగతేమిటి? మేధో వైకల్యం ఉన్న పెద్దవాళ్లు నాలుగు గోడల సంస్థల్లోంచి మామూలు అద్దె ఇళ్లలోకి ఎలా రాగలిగారో బర్క్లీ చెప్పదు. వాళ్లు వచ్చిన దారి వేరు. ఆ దారిలో తల్లిదండ్రులున్నారు, కోర్టులున్నాయి, అన్నిటికీ మించి ప్రభుత్వ ఖర్చుల పద్దులున్నాయి.

ఆ దారి గురించి కూడా ఒక స్థిరపడిన కథనం ఉంది. 1972లో న్యూయార్క్‌లోని విల్లోబ్రూక్ సంస్థలోకి టీవీ విలేకరి హెరాల్డో రివెరా కెమెరాతో వెళ్లాడని, లోపలి ఘోరం చూసి దేశం మేలుకుందని, ఆపైన సంస్థలు ఖాళీ అయ్యాయని. ఈ వరస తేదీలతో పొసగదు. సెనేటర్ రాబర్ట్ కెన్నెడీ 1965లోనే అక్కడికి వెళ్లి చూసి బహిరంగంగా మండిపడ్డాడు. 1966లో బర్టన్ బ్లాట్, ఫ్రెడ్ కాప్లాన్ ఇలాంటి సంస్థల్లో రహస్యంగా తీసిన ఫొటోలతో పుస్తకమే వేశారు. అమెరికా ప్రభుత్వ సంస్థల్లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల సంఖ్య 1967లో 1,94,650తో పతాకస్థాయికి చేరి, ఆ వెంటనే తగ్గడం మొదలైంది. అంటే టీవీ కార్యక్రమం వచ్చేనాటికే తరుగుదల ఐదేళ్లుగా సాగుతోంది.

జనాగ్రహం వల్ల వెంటనే ఏం జరిగిందన్నది మరీ ముఖ్యం. 1971లో ఫెడరల్ ప్రభుత్వం పేదల వైద్య పథకమైన మెడికెయిడ్ నిధుల్లోంచి ఈ సంస్థల ఖర్చులో వాటా భరించడానికి ఒప్పుకుంది, పడకల మధ్య ఇంత జాగా, ఇంతమందికి ఇంత సిబ్బంది వంటి ప్రమాణాలు పాటిస్తే. రాష్ట్రాలు ఆ డబ్బు కోసం పాత భవనాలకు మరమ్మతులు చేశాయి, కొత్త బ్లాకులు కట్టాయి. మనిషి సంస్థలో ఉంటే మన ఢిల్లీ లాంటి వాషింగ్టన్ నుంచి వాటా వస్తుంది, ఇంట్లో ఉంటే రాదు అన్న లెక్క ముందు ఏ రాష్ట్ర ఆర్థికశాఖైనా ఏం చేస్తుందో మనకు తెలియనిది కాదు. కోపం గోడల్ని బాగుచేసింది, వాటిని దాటి బయటికి రావడానికి మాత్రం దారి వేయలేదు.

ఆ దారి ముందుగా పడింది వారెన్ బఫెట్ ఊరుగా మనవాళ్లకు తెలిసిన ఒమాహాలో. నెబ్రాస్కా రాష్ట్రంలో మేధో వైకల్యం ఉన్నవాళ్లకు అప్పట్లో ఉన్న ప్రభుత్వ సంస్థ బీట్రిస్ స్టేట్ హోమ్. 19వ శతాబ్దం చివర్లో పుట్టిన ఆ సంస్థలో 1960ల నాటికి 2 వేల మందికి పైగా కిక్కిరిసి ఉన్నారు. ఒమాహా తల్లిదండ్రుల సంఘం వాళ్లు ఆ పరిస్థితి చూసి కదిలారు. వాళ్లు అడిగింది బాగుచేసిన బీట్రిస్ కాదు, తమ పిల్లలు తమ ఊళ్లోనే ఉండేలా ఏర్పాటు. వాళ్ల మాట చెవిన పెట్టే నిపుణులు అదే ఊళ్లో, నెబ్రాస్కా సైకియాట్రిక్ ఇన్‌స్టిట్యూట్‌లో దొరికారు. వారిలో ఫ్రాంక్ మెనోలాసినో మానసిక వైద్యుడు, వుల్ఫ్ వుల్ఫెన్స్‌బర్గర్ మనస్తత్వ శాస్త్రవేత్త. 1968లో గవర్నరు వేసిన పౌరుల కమిటీ నివేదిక, మరుసటి ఏడు శాసనసభ చట్టాలు, ఆపైన తూర్పు నెబ్రాస్కాలోని ఐదు కౌంటీలు కలిసి ఎన్‌కార్ అనే ఉమ్మడి సంస్థను ఏర్పాటు చేసుకోవడం, అన్నీ రెండు మూడేళ్లలో జరిగిపోయాయి.

ఎన్‌కార్ చేసిన పని పైకి చాలా మామూలుగా కనిపిస్తుంది. వీధిలో ఉన్న ఇళ్లనే తీసుకున్నారు. ఉండేది ఒక చోట, పగలు పనికి వెళ్లేది మరో చోట. పొద్దున లేచి, తయారై, బస్సెక్కి పనికి వెళ్లి, సాయంత్రం ఇంటికి రావడం అందరికీ ఉన్న దినచర్యే. కానీ తినడం, పడుకోవడం, పని, వైద్యం అన్నీ ఒకే ప్రాంగణంలో ఏళ్ల తరబడి సాగిన మనిషికి అది కొత్త జీవితం. ఒంటరిగా నిభాయించుకోగలవాళ్లకు అపార్ట్‌మెంట్లు చూపించి, సిబ్బంది రోజులో కొద్దిసేపు వచ్చి వెళ్లేలా అమర్చారు.

ఈ ఆలోచన ఒమాహాలో పుట్టలేదు. డెన్మార్క్‌లో బ్యాంక్-మిక్కెల్సన్ చొరవతో 1959లో వచ్చిన చట్టం, స్వీడన్‌లో బెంక్ట్ నీర్యె ప్రతిపాదించిన సాధారణ జీవన సూత్రం దాని మూలాలు. నీర్యె తన సూత్రాన్ని ఇంగ్లీషులో వివరించిన ప్రసిద్ధ వ్యాసం 1969లో వచ్చిన సంకలనంలో ఉంది. దాని సంపాదకులు కూగెల్, వుల్ఫెన్స్‌బర్గర్, ఇద్దరూ నెబ్రాస్కాలో పనిచేస్తున్నవాళ్లే. స్కాండినేవియా సిద్ధాంతం అమెరికాలో అచ్చవుతున్న రోజుల్లోనే ఒమాహాలో ఇళ్లు అద్దెకు తీసుకుంటున్నారు. చరిత్రకారులు సిద్ధాంతానికి ఇచ్చిన చోటులో పదోవంతు కూడా ఆ ఇళ్లకు ఇవ్వలేదు.

ఆ ఇళ్ల ఫలితం మరో రూపంలోనూ కనిపించింది. బీట్రిస్‌లో ఏళ్ల తరబడి ఉండి బయటపడ్డ రే లూమిస్ 1970ల మధ్యలో ఒమాహాలో ప్రాజెక్ట్ టూ అనే బృందాన్ని మొదలుపెట్టాడు. మేధో వైకల్యం ఉన్నవాళ్లే కూడి, తమ సంగతులు తామే మాట్లాడుకునే బృందమది. దాదాపు అదే సమయంలో ఒరెగాన్‌లో పీపుల్ ఫస్ట్ పుట్టింది. సహాయకుడికి ఏం చేయాలో చెప్పలేరని అందరూ అనుకున్న మనుషులు, తమ ఇంట్లో తాము ఉన్నాక చెప్పడం మొదలుపెట్టారు.

ఇంతా చెప్పి ఒమాహాను ఆదర్శంగా నిలబెట్టడం సరికాదు. తొలినాటి ఎన్‌కార్ ఇళ్లలో చాలావాటిలో ఎవరు ఎవరితో ఉండాలో, ఎప్పుడు తినాలో సిబ్బందే నిర్ణయించేవారు. వుల్ఫెన్స్‌బర్గర్ 1971లోనే కెనడా వెళ్లిపోయాడు. బీట్రిస్‌పై 1972లో కోర్టుకెక్కాల్సి వచ్చింది. అంతకన్నా చేదు నిజం, ఆ సంస్థ మూతపడనే లేదు. లోపలివాళ్ల భద్రతపై ఫెడరల్ న్యాయశాఖ జోక్యం చేసుకుని 2008లో రాష్ట్రంతో ఒప్పందం చేసుకుంది. 2009లో దానికి ఫెడరల్ నిధుల గుర్తింపు రద్దయింది. అందరికన్నా ముందు దారి వేసిన రాష్ట్రం కూడా పాత ఇంటి పద్దును మూసేయలేకపోయింది.

పెన్సిల్వేనియాలోని పెన్‌హర్స్ట్ సంస్థ మరో పాఠం. 1977లో జడ్జి రేమండ్ బ్రోడరిక్ అక్కడి నిర్బంధం రాజ్యాంగ విరుద్ధమన్నాడు. సుప్రీంకోర్టు ఆ తీర్పు ఆధారాలను రెండుసార్లు కుదించింది. అయినా సంస్థ 1987లో మూతపడింది. బయటికి వచ్చినవాళ్లను ఏళ్ల తరబడి వెంబడించి చేసిన అధ్యయనం 1985లో వచ్చింది. వాళ్లు తమ పనులు తాము చేసుకోవడంలో స్పష్టంగా మెరుగుపడ్డారని తేలింది. మొదట ససేమిరా అన్న కుటుంబాల్లో చాలామంది తర్వాత మనసు మార్చుకున్నారనీ తేలింది. ఒమాహాలో తల్లిదండ్రులు ముందు నడిచారు, పెన్‌హర్స్ట్‌లో చాలామంది వెనక్కి లాగారు. రెండుచోట్లా ఉన్నది ఒకటే భయం, మా తర్వాత ఈ బిడ్డకు ఎవరు?

పద్దు మారింది 1981లో. సంస్థకు అయ్యే ఖర్చు మించనంత వరకు అదే మెడికెయిడ్ డబ్బును ఇంటివద్ద సహాయానికి వాడుకోవచ్చని చట్టం సవరించారు. దీన్ని ఆసుపత్రిలో చిక్కుకున్న చిన్నారి కేటీ బెకెట్ కథకు ముడిపెట్టడం అలవాటైంది. నిజానికి సవరణ ఆగస్టులో వచ్చింది, అధ్యక్షుడు రీగన్ ఆ పాప గురించి విలేకరులతో మాట్లాడింది నవంబరులో. పాప కథ మనసులు కదిలించింది, ఆమెలాంటి పిల్లలకు మేలూ చేసింది. కానీ లక్షలమంది పెద్దవాళ్లకు తలుపు తెరిచింది ఖర్చు లెక్కే.

1980ల చివర్లో, 1990లలో మరో ముఖ్యమైన అడుగు పడింది: ఇల్లు, సహాయం వేరుపడ్డాయి. అద్దె ఒప్పందం ఆ మనిషి పేరునే, సహాయం అందించే సంస్థ వేరే. సంస్థ నచ్చకపోతే దాన్ని మార్చుకోవచ్చు, ఇల్లు మాత్రం కదలదు. ఇంగ్లండ్‌లో 1990లో మొదలైన కీరింగ్ దీన్ని అతి తక్కువ ఖర్చుతో చేసి చూపింది. నడిచి వెళ్లగల దూరంలో తొమ్మిదిమంది ఎవరి ఇంట్లో వాళ్లు, వాళ్ల మధ్యనే ఇల్లు ఇచ్చి పెట్టిన ఒక వాలంటీరు. బిల్లు అర్థం కాకపోయినా, గీజరు పాడైనా వెళ్లి తలుపు తట్టొచ్చు. స్వీడన్ మరింత ముందుకెళ్లి, సంస్థలన్నీ 1999 చివరికల్లా మూసేయాలని 1997లో చట్టమే చేసింది.

ఇవాళ్టి అమెరికాను చూస్తే మెచ్చుకోవడానికి మనసొప్పదు. ఇంటివద్ద సహాయం హక్కు కాదు, కోటా. 2024లో వెయిటింగ్ లిస్టుల్లో సుమారు 7 లక్షలమంది ఉన్నారు. సహాయకుల జీతాలు తక్కువ, మనుషులు నిలవరు. 2014లో ఫెడరల్ ప్రభుత్వం ఒక నిబంధనావళి రాసింది: గది తలుపుకు లోపలినుంచి తాళం వేసుకునే వీలుండాలి, ఆకలైనప్పుడు తినొచ్చు, ఎవరినైనా ఎప్పుడైనా ఇంటికి రానివ్వొచ్చు. దాన్ని పూర్తిగా పాటించడానికి గడువు 2023 దాకా సాగింది. ఇల్లు అని బోర్డు పెట్టుకున్న ఎన్నో చోట్ల ఈ పాటి స్వేచ్ఛ కూడా లేకపోబట్టే అది రాయాల్సి వచ్చింది.

మన దగ్గర చట్టం లోటు లేదు. భారత్ 2007లో ఐక్యరాజ్యసమితి వికలాంగుల ఒడంబడికను ఆమోదించింది. 2016 చట్టంలోని 5వ సెక్షన్ సమాజంలో జీవించే హక్కును ప్రకటించి, ఫలానా చోటే ఉండాలని నిర్బంధించకుండా, వ్యక్తిగత సహాయం అందేలా ప్రభుత్వం ప్రయత్నించాలంది. 24వ సెక్షన్‌లో సహాయకుల భత్యం ప్రస్తావన ఉంది. కానీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెలుగు అనే పేదరిక నిర్మూలన పథకం రోజుల్లో మండలాల దాకా కట్టిన వికలాంగుల సంఘాలు కూడా ప్రధానంగా నిలబెట్టింది సర్టిఫికెట్టు, పింఛను, రుణం. అవి చిన్న విషయాలని ఎవరూ అనరు. ఇవాళ తెలంగాణలో నెలకు 4,016 రూపాయలు, ఆంధ్రలో 6,000, మంచానికే పరిమితమైనవాళ్లకు అంతకన్నా ఎక్కువ అందుతోంది. ఆ డబ్బుతో బియ్యం, మందులు కొనుక్కోవచ్చు, సాయంత్రం వచ్చి రెండు గంటలు తోడుండే మనిషిని పెట్టుకోలేం. మేధో వైకల్యం ఉన్న బిడ్డ తల్లిదండ్రులకు చేతికి అందేది వైకల్య సర్టిఫికెట్టు, జిల్లా కమిటీ ఇచ్చే సంరక్షకుడి ఉత్తర్వు, ఆపైన ఏదో ఒక హోంలో సీటు.

చెన్నైకి చెందిన ది బ్యానియన్ సంస్థ ఏళ్ల తరబడి మానసిక ఆసుపత్రుల్లో, షెల్టర్లలో ఉండిపోయినవాళ్లను నలుగురైదుగురిగా మామూలు అద్దె ఇళ్లలో ఉంచి, సహాయకులను తోడిచ్చి, మన వీధుల్లోనూ ఇది సాధ్యమని చూపింది. మేధో వైకల్యం ఉన్న పెద్దలకు మాత్రం మన బడ్జెట్లలో తేలికగా దొరికేది హోంలకు గ్రాంటే. కేంద్ర ప్రభుత్వ నేషనల్ ట్రస్ట్ నడిపే ఘరౌందా పథకం కూడా సాయమిచ్చేది హోం నడిపే సంస్థకే. ఉంటున్న ఇంట్లోనే ఉంటూ గంటల లెక్కన సహాయకుణ్ణి అడిగే హక్కు దానిలో లేదు. 1971లో అమెరికా చేసిన పొరపాటు ఇదే: డబ్బును మంచానికి ముడిపెట్టారు, మనిషికి ముడిపెట్టలేదు. దాన్ని విప్పుకోవడానికి వాళ్లకు పదేళ్లు పట్టింది. మనం కొత్త హోంలకు ఇంకా శంకుస్థాపనలు చేస్తూనే ఉన్నాం. వాటిలో సీటు కోసం వరసలో నిలబడ్డ తల్లిదండ్రులను తప్పుపట్టలేం, అంతకన్నా మంచిది ఏదీ వాళ్ల ముందు ఎవరూ పెట్టలేదు.